ఎర్రగుడ్డ లేచాక దిగిన విమానం

మా వీధిలోనే ఉండే ఒకమ్మాయి పైలట్ శిక్షణ తీసుకుంటోంది. ఈ మధ్య సెలవులకి రాజమహేంద్రవరం వచ్చినప్పుడు నన్ను చూడ్డానికి వచ్చింది. కాఫీ తాగుతూ, "తాతగారూ, తోకచక్రం విమానాన్ని వెనక గాలిలో దింపొచ్చాండీ?" అని అడిగింది.

"దింపొచ్చమ్మా. నేనూ కొన్నిసార్లు దింపాను. ఒక్కసారి మాత్రం దిగలేదు, పడ్డాను" అన్నాను.

ఆమె నవ్వి, ఆ ఒక్కసారి సంగతి చెప్పమంది. సగం చెప్పి, ఇంకేదో పని ఉన్నట్టు లేచిపోయాను. ఎందుకంటే మిగతా సగంలో విమానం గొడవేమీ లేదు, నా గొడవే ఉంది. అది నోటితో చెప్పడం కొంచెం కష్టం. కాగితం మీదైతే ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ అమ్మాయితోపాటు ఆ వయసువాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

నా ఉద్యోగం పొలాల మీద మందు కొట్టడం. ఇప్పుడు తణుకు చుట్టుపక్కల గట్టు మీద నిలబడి, చేతిలో చిన్న పెట్టె పట్టుకుని డ్రోన్‌తో కొట్టేస్తున్నారు. మా రోజుల్లో దానికొక విమానం, దానికొక పైలట్, దానికొక మెకానిక్, నీళ్ళు తోడేవాళ్ళు, మందు కలిపేవాళ్ళు, చూడ్డానికి వచ్చిన ఊరు మొత్తం ఉండేవాళ్ళం. విమానంలో ఒక్క మనిషికే చోటు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఇడ్లీ పళ్ళెమంత చిన్న చక్రం. ఇలాంటి విమానంతో వచ్చిన చిక్కేమిటంటే బరువంతా పెద్ద చక్రాలకి వెనకుంటుంది. నేల మీద పరుగెత్తేటప్పుడు ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా తోక పక్కనుంచి తిరిగి ముందుకొచ్చేద్దామని చూస్తుంది. దాన్ని కాళ్ళతో తొక్కి తిప్పే తోక రేకు, రడ్డర్, ఆపుతుంది. రడ్డర్‌కి గాలి తగిలితేనే పని. గాలి తగలకపోతే అది వట్టి రేకు.

ఆ ఏడు దాళ్వా పంటలో మొగల్తూరు వైపు వరికి సుడిదోమ బాగా పట్టింది. ఊరికి దగ్గర్లో పోరంబోకు భూమిని చదును చేసి మాకు విమానం దిగడానికీ లేవడానికీ స్ట్రిప్ తయారు చేశారు. ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా ఉండేది. ఉత్తరపు కొసన కాలువ ఉంది కాబట్టి మందు కలిపే డ్రమ్ములూ, నీళ్ళ పంపూ అన్నీ అక్కడే పెట్టుకున్నాం. దక్షిణపు కొసన ఏమీ లేదు, ఆ తర్వాత సముద్రం దాకా చౌడు నేలే. దుమ్ము లేచి ఇంజన్లోకి పోకుండా రోజూ తెల్లారేసరికి స్ట్రిప్ మీద కాలువ నీళ్ళు చల్లించేవాళ్ళం.

మా పద్ధతి మొదట్నుంచీ ఒకటే. దిగితే కాలువ వైపుకి దిగాలి, లేస్తే సముద్రం వైపుకి లేవాలి. దక్షిణం నుంచి వచ్చి, ఉత్తరానికి పరుగెత్తి, సరిగ్గా డ్రమ్ముల దగ్గర ఆగి, అక్కడే వెనక్కి తిప్పుకుని, విమానంలోని మందు తొట్టి నింపుకుని, వచ్చిన దారినే లేచిపోవడం. ఒక్క గజం కూడా ఊరికే నడపనక్కర్లేదు. పొద్దున్నపూట నేల మీంచి సముద్రానికి పోయే గాలి ఉత్తరం నుంచి పల్చగా వీస్తుంది. ఆ వేళకి మా పద్ధతి లక్షణంగా సరిపోయేది. ఎదురు గాలిలోకి దిగితే విమానం మెల్లగా దిగుతుంది, తొందరగా ఆగుతుంది.

చిక్కల్లా పది దాటాకే. సముద్రపు గాలి మళ్ళుతుంది. అప్పుడు అదే పద్ధతిలో దిగితే గాలి వీపు మీద ఉంటుంది. అలా కాకూడదంటే తిరిగి వచ్చి, కాలువ గట్టు మీదున్న కొబ్బరిచెట్ల మీదుగా దక్షిణానికి దిగి, స్ట్రిప్ మొత్తం వెనక్కి నడుపుకుంటూ డ్రమ్ముల దగ్గరికి రావాలి. ట్రిప్పుకి నాలుగైదు నిమిషాలు పోతాయి. నాలుగైదు నిమిషాలే కదా అని మీరనుకుంటారు. గట్టు మీద నిలబడి తన చేను ఎర్రబడిపోవడం చూస్తున్న రైతు అలా అనుకోడు. పక్క మండలంలో ఇంకో స్ట్రిప్ మీద పనిచేస్తున్న పైలట్ రోజుకి నాకంటే నాలుగు ట్రిప్పులు ఎక్కువ కొడుతున్నాడని మా మేనేజరు గారు రోజూ సాయంత్రం టీ తాగుతూ నాకు గుర్తు చేసేవారు. దాంతో నాలుగైదు నిమిషాలే కదా అని నేనూ అనుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు మా మెకానిక్ సంగతి చెప్పాలి. అతనిది ఆ తీరంలోనే చేపల వేటకెళ్ళే కుటుంబం. తండ్రి, అన్నలు పడవ మీద పోతే, ఇతను మాత్రం నరసాపురంలో ఇంజన్ల షెడ్డులో చేరి, అక్కణ్ణుంచి ఎలాగో మా కంపెనీలో హెల్పరుగా పడ్డాడు. ఎనిమిదేళ్ళు విమానం కింద పడుకుని పని నేర్చుకున్నాడు. ఆ నెలాఖరులో అతనికి లైసెన్సు పరీక్ష. అది వస్తే విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే అధికారం వస్తుంది. రాకపోతే జన్మంతా వేరేవాళ్ళ సంతకాల కింద పనిచేస్తూ ఉండాలి. పరీక్షకి కూర్చోవాలంటే, ఇతని పనిలో లోపమేదీ లేదని కంపెనీ కాగితం రాసివ్వాలి. ఆ కాగితం కోసం అతను మేనేజరు గారి బల్ల చుట్టూ పదిహేను రోజుల్నుంచీ తిరుగుతున్నాడు.

పరీక్ష ఇంగ్లీషులో. అందుకని రోజూ సాయంత్రం డ్రమ్ము మీద కూర్చుని విమానం మాన్యువల్ పైకి చదివేవాడు. నేను కుర్చీలో కూర్చుని వింటూ ఉచ్చారణ దిద్దేవాణ్ణి. కోనసీమలో అయ్యవార్ల ఇంట పుట్టినవాణ్ణి, తప్పు పలికితే ఊరుకోలేను. నేల మీద ఉండగా గాలి వెనకనుంచి కొడితే చేతికర్ర, అదే స్టిక్, ముందుకు నెట్టి పట్టుకోవాలి అని ఉన్న పేజీని అతను ఎన్నిసార్లు తడబడుతూ చదివాడో, నేను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. ప్రతి మాటా దిద్దాను. ఒక్క మాటా వినలేదు.

గాలి విషయంలో మాత్రం అతను నాకు గురువు. గాలి ఎటు వీస్తోందో చూపించే మా గాలిగొట్టం గుడ్డ చిరిగిపోతే మేనేజరు గారు కొత్తది తెప్పిస్తానంటూనే ఉన్నారు. దాని బదులు గోనెసంచి కట్టాం. అది మందు తుంపరకి తడిసి బరువెక్కి, గాలి ఉన్నా లేకపోయినా ఒకలాగే వేలాడేది. అందుకని ఇతనొక పద్ధతి పెట్టాడు. డ్రమ్ముల దగ్గర పొడుగాటి వెదురు పాతి, దానికి తాడూ, ఎర్రగుడ్డా సిద్ధంగా ఉంచాడు. గాలి మళ్ళిందని అతనికి తోస్తే ఎర్రగుడ్డ పైకెత్తుతాడు. అది లేచి కనపడితే నేను తిరిగొచ్చి దక్షిణానికి దిగాలి. అందరం ఒప్పుకున్న ఏర్పాటు ఇది.

"నీకెలా తెలుస్తుందయ్యా ముందే?" అని అడిగాను ఒకసారి.

"మెడ ఎనకాల తెలుత్తాదండి" అన్నాడు. "పడవ మీదైతే మా నాన్న ఇదే అడిగేవోడు. చెప్పలేకపోతే తెడ్డుతో ఒకటిచ్చేవోడు."

అప్పట్నుంచీ నేనతన్ని వాతావరణ శాఖ అని పిలిచేవాణ్ణి. ఆయ్ అంటూ పలికేవాడు కూడా.

ఆ రోజు పొద్దున్న పని బాగా సాగింది. గట్టు మీద ఒక రైతు, బాగా పెద్దాయన, గొడుగు వేసుకుని తన చేని వంతు కోసం చూస్తున్నాడు. మందు నింపుతున్నప్పుడల్లా విమానం దగ్గరికి వచ్చి, "బాబూ, ఈ ట్రిప్పు మాదేనాండీ?" అని అడుగుతున్నాడు. ఇంకా రెండు ట్రిప్పులయితే ఆయన వంతు. పదిన్నర దాటింది. ఆయనకి ముందు చేను ముగించుకుని వెనక్కి తిరిగాను.

దూరం నుంచే ఎర్రగుడ్డ కనపడింది. లేచి, కాలువ వైపుకి బారుగా నిలబడి ఉంది. నేనేమనుకున్నానో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఈ ఒక్కటీ దిగేద్దాం, వచ్చేసారి తిరిగి దిగుదాం" అనుకున్నాను. ఇందులో కంగారు లేదు, తెలియనితనం లేదు. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు అలాగే అనుకుని దిగాను, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నాకు పాఠమైపోయింది.

ఇంకా కిందికి వచ్చేసరికి మెకానిక్ డ్రమ్ముల ముందు స్ట్రిప్ మధ్యకి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ ఊపుతున్నాడు. వద్దంటున్నాడని తెలుస్తూనే ఉంది. "చూశాలేవయ్యా" అని పైకే అన్నాను, అతనికి వినపడుతుందన్నట్టు.

వెనక గాలితో దిగేటప్పుడు మొదట జరిగేది, నేల మామూలుకంటే వేగంగా పరుగెత్తుకొచ్చేయడం. విమానానికి గాలిలో ఉండాల్సిన వేగం ఉంటుంది, దానికి వీపు మీద గాలి వేగం కూడా కలుస్తుంది. నేను రోజూ చక్రాలు తాకించే చోటు దాటిపోయింది, ఇంకా తాకలేదు. తాకేసరికి సగం స్ట్రిప్ అయిపోయింది. ఎదురుగా డ్రమ్ములు, వాటి దగ్గర ఇద్దరు మనుషులు. మెకానిక్ పక్కకి దూకి, వాళ్ళిద్దర్నీ కాలువ గట్టు అవతలికి తోసేస్తున్నాడు. నేను బ్రేకులు గట్టిగా తొక్కాను. స్టిక్ పొట్టకి ఆనించి వెనక్కి పట్టుకున్నాను. ఏ రోజైనా అలాగే పడతాను, అదే నా అలవాటు.

వేగం తగ్గింది. విమానం వేగమూ గాలి వేగమూ ఇంచుమించు ఒకటయ్యాయి. ఆ క్షణంలో రడ్డర్‌కి ఎటునుంచీ గాలి లేదు. కాలు తొక్కుతుంటే ఊరికే అరుగు మీద తొక్కుతున్నట్టుంది. ఇంకా వేగం తగ్గేసరికి గాలి వెనకనుంచి తోక మీదికి రావడం మొదలైంది. స్టిక్ వెనక్కి ఉంటే తోక రెక్క పైకి లేచి ఉంటుంది. వెనక గాలి దాని కింద దూరి తోకనే లేపేసింది. నేను తొక్కిన బ్రేకులు దానికి సాయం చేశాయి. విమానం ముక్కు వంచింది, ఎడమకి గిర్రున తిరిగింది, రెక్క కొస నేలలో గుచ్చుకుంది, ప్రొపెల్లర్ మట్టి కొట్టి ఆగిపోయింది. తోక ధబ్బున పక్కవాటుగా నేలకి పడి, చిన్న చక్రం విరిగి ఎటో ఎగిరిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు మోకాలు కొట్టుకుపోయింది, అంతే. డ్రమ్ములకి పది అడుగుల దూరంలో విమానం పక్కకి ఒరిగి ఉంది. గొడుగు పెద్దాయన దగ్గరికి వచ్చి, నన్నూ విమానాన్నీ చూసి, "పోనీలెండి బాబూ, రేపు కొడుదురుగాని" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మెకానిక్ నన్ను కిందికి దింపి, మోకాలు కడిగి, గుడ్డ కట్టాడు. కడుతూ మెల్లగా అడిగాడు.

"స్టిక్ ఎక్కడుందండి?"

"వెనక్కే ఉంది. పొట్టకి ఆనించే పట్టుకున్నాను, ఎక్కడికి పోతుంది?" అన్నాను, నా తప్పేమీ లేదన్నట్టు.

అతను లేచి, విమానం వచ్చిన జాడ వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. కొంతసేపటికి నేనూ కుంటుకుంటూ వెళ్ళాను. తడి మట్టి మీద, పొద్దున్నటి జాడల పైన మూడు కొత్త గీతలు స్పష్టంగా ఉన్నాయి. రెండు పెద్ద చక్రాలవి, మధ్యలో చిన్న చక్రానిది. చిన్న గీత తీగలాగినట్టు తిన్నగా వచ్చి, ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణుంచి పన్నెండు అడుగులు వట్టి మట్టి. ఆ తర్వాతగానీ పెద్ద చక్రాల గీతలు ఎడమకి తిరగలేదు. అంటే విమానం తిరగడానికి ముందే తోక నేలని వదిలేసింది. తోకచక్రంలో లోపముంటే అది నేల మీదుండగానే తెలిసేది. గాల్లో ఉన్న చక్రం ఎవర్నీ పడెయ్యలేదు. నన్ను పడేసింది వెనక గాలి, నా చెయ్యి. మట్టి మీద అంతా రాసే ఉంది. మెకానిక్ దాన్ని చదివాడని నాకు తెలుసు, నేను చదివానని అతనికీ తెలుసు. ఇద్దరం వెనక్కి వచ్చేశాం.

మధ్యాహ్నానికి మేనేజరు గారు కారులో వచ్చారు. చెడ్డ మనిషని చెప్పను. నలుగురు పైలట్లున్న కంపెనీ, అందులో ఒకడి లైసెన్సు ఆగిపోతే సీజను పోతుంది. సీజను పోతే అందరి జీతాలూ పోతాయి. ఆయన బాధ ఆయనది. విమానం చుట్టూ తిరిగి, లాగ్‌బుక్ తెప్పించుకుని చూసి, నా పక్కన కూర్చున్నారు.

"మూడు రోజుల కిందటే కదండీ, తోకచక్రం లాక్ పిన్ మార్చింది?" అన్నారు.

దిగేటప్పుడు ఆ చిన్న చక్రం పక్కలకి తిరక్కుండా ఒక పిన్ను బిగించి ఉంచుతుంది. అది అరిగితే మా మెకానిక్ మార్చాడు. తన చేత్తోనే, దిద్దిన అక్షరాలతో, లాగ్‌బుక్‌లో రాశాడు.

"అవునండి" అన్నాను.

"అది ఊడిపోయి ఉంటుంది. చక్రం లాకు వదిలేసింది, విమానం తిరిగిపోయింది. అంతేనంటారా?"

నేను టీ గ్లాసు అందుకున్నాను. తర్వాత, "అయ్యుండొచ్చు" అన్నాను.

అబద్ధమాడానని ఎవరూ అనలేని మాట అది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు గాల్లోనో, స్ట్రిప్ మీదో జరగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో టీ గ్లాసు పట్టుకుని చేశాను. వెనక గాలితో దిగినప్పుడు పోయేది రెక్క, ప్రొపెల్లర్. ఈ మాటతో పోయేది పదిహేనడుగుల దూరంలో విరిగిన రెక్కకి గోనెగుడ్డ చుడుతున్న మనిషి ఎనిమిదేళ్ళ కష్టం.

మేనేజరు గారు వెంటనే లేచారు. ఎల్లుండికి ఇంకో విమానం వస్తుందని, స్ట్రిప్ సిద్ధం చెయ్యాలని, ట్రాక్టరువాడిని పిలిపించి రోలర్ తిప్పమన్నారు. రోలర్ దక్షిణం నుంచి మెల్లగా వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆపమంటే ఆపేవాళ్ళు. పైలట్ మాట అక్కడ చెల్లుతుంది. మెకానిక్ చేతిలో గోనె పట్టుకుని అలాగే నిలబడి ఒకసారి రోలర్ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. నేను టీ తాగాను. మూడు గీతలూ, పన్నెండు అడుగుల వట్టి మట్టీ రోలర్ కిందికి పోయాయి.

"చక్రం దొరికిందా?" అని మేనేజరు గారు అందర్నీ అడిగారు. నీళ్ళు తోడే మనిషి, కాలువలో పడిందేమోనండీ అన్నాడు. ఇంకెవరూ వెతకలేదు.

మర్నాడు పొద్దున్నే విచారణకి ఒక అధికారి వచ్చారు. సన్నటి మనిషి, మాట తక్కువ. రేకుల షెడ్డులో బల్ల వేశాం. మేనేజరు గారు రాసి ఉంచిన రిపోర్టు ఆయన చదివారు. తోకచక్రం లాక్ పిన్ సరిగా బిగించకపోవడం వల్ల అని అందులో ఉంది. ఆయన మెకానిక్‌ని పిలిచారు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు.

"పిన్ మార్చింది మీరేనా?"

"ఆయ్. నేనేనండి. రాసుందండి."

"గాలి ఎటునుంచి వీస్తోందప్పుడు?"

"దచ్చినం నుంచండి."

"మరి ఎర్రగుడ్డ ఎత్తడం మీ ఏర్పాటని విన్నాను. ఎత్తారా?"

మెకానిక్ ఒక్క క్షణం నా వైపు చూశాడు.

"ఎత్తానండి" అన్నాడు. "ఎండ ఎదురుగా ఉందండి మరి. సారు చూసుండకపోవచ్చండి."

ఆ మాట నాకు చెంప మీద తగిలింది. నిన్న నేను "అయ్యుండొచ్చు" అన్నాను, ఇతని మెడ మీదికి కత్తి తోస్తూ. ఇవాళ ఇతను "చూసుండకపోవచ్చు" అంటున్నాడు, నాకు అడ్డం నిలబడుతూ. పైగా అది నిజం కాదు కూడా. నేను ఉత్తరానికి దిగుతున్నాను, పదిన్నరకి ఎండ కుడిచేతి వైపు ఉంటుంది. ఎదురుగా ఎక్కడిది?

అధికారి రిపోర్టు నా వైపు జరిపి, "చదివి సంతకం పెట్టండి" అన్నారు.

"చూశాను" అన్నాను.

"రిపోర్టా?"

"కాదండి. ఎర్రగుడ్డ. చూసే దిగాను."

మేనేజరు గారు దగ్గారు. నేను ఇంక ఆగలేదు. పద్ధతి గురించి, ట్రిప్పుల గురించి, స్టిక్ వెనక్కి పట్టుకోవడం గురించి, తోక లేవడం గురించి, మట్టి మీద గీతల గురించి అంతా చెప్పాను. అధికారి బయటికి తొంగి, నున్నగా మెరుస్తున్న స్ట్రిప్‌ని చూశారు.

"ఆ గీతలేవి?"

"రోలర్ తిప్పించేశారండి."

"మీరు చూస్తూ ఉన్నారా?"

"ఉన్నానండి. ఆపలేదు."

ఆయన కలం మూత పెట్టారు. "పైలట్ మాట ఉంది, ఆధారం లేదు. మిత్రుణ్ణి కాపాడ్డానికి చెప్తున్నారని కూడా అనొచ్చు. ఆ చక్రం అయినా ఉంటే..." అన్నారు.

"దొరకలేదండి" అన్నారు మేనేజరు గారు.

"ఉందండి" అన్నాడు మెకానిక్.

వెళ్ళి తన పనిముట్ల పెట్టె తెచ్చాడు. అడుగునుంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. మూట కట్టింది ఎర్రగుడ్డతోనే. లోపల విరిగిన తోకచక్రం, మట్టి కూడా దులపకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఉంది. దాన్ని తోకకి పట్టి ఉంచే బద్ద పక్కవాటుగా విరిగింది. లాక్ పిన్ మాత్రం దాని కన్నంలో, దాని చోట, బిగిసి అలాగే ఉంది.

"నిన్న పక్క చెరుకుతోట్లో దొరికిందండి. ముట్టుకోలేదండి, అలాగే చుట్టేశాను" అన్నాడు.

అధికారి వేలితో పిన్నుని కదపబోయారు. కదల్లేదు. రిపోర్టు తీసి మడిచి మేనేజరు గారికి ఇచ్చేసి, తెల్ల కాగితం తీసుకుని మొదట్నుంచీ రాయడం మొదలుపెట్టారు.

నన్ను ఆరు నెలలు ఎగరనివ్వలేదు. ఆరు నెలలూ రాజమహేంద్రవరంలో కంపెనీ ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు రాశాను. మేనేజరు గారు నాతో మాట్లాడ్డం మానేశారు గానీ, మెకానిక్‌కి ఇవ్వాల్సిన కాగితం మాత్రం ఆ వారంలోనే ఇచ్చారు. అతను పరీక్షకి వెళ్ళాడు. నోటి పరీక్షలో వెనక గాలి ప్రశ్నే అడిగారట. ఉచ్చారణ బాగుందన్నారని వచ్చి చెప్పాడు. లైసెన్సు వచ్చింది. ఆ రోజు నుంచి నేనాయన్ని మీరు అనడం మొదలుపెట్టాను. మొదట్లో ఇబ్బంది పడిపోయి, "ఏంటండీ బాబూ ఇది" అనేవారు. తర్వాత అలవాటు పడ్డారు.

నేను మళ్ళీ అదే స్ట్రిప్ మీద ఎగిరిన మొదటి రోజు విమానం ఎగరొచ్చని సంతకం పెట్టింది ఆయనే. ఆ రోజు నా జాగ్రత్త చెప్పలేను. తొమ్మిదింటికే నాకు గాలి మళ్ళినట్టు అనిపించింది. ఎర్రగుడ్డ కోసం చూడకుండా, ఎందుకైనా మంచిదని కొబ్బరిచెట్ల మీదుగా తిరిగి వచ్చి దక్షిణానికి దిగాను. నేల ఎందుకింత తొందరగా పరుగెడుతోందా అనుకుంటూ, ఈసారి స్టిక్ ముందుకు నెట్టి, చెమటలు కక్కుకుంటూ, స్ట్రిప్ చివరిదాకా పోయి ఆగాను. ఆయన అంత దూరమూ నడుచుకుంటూ వచ్చి, రెక్క మీద చెయ్యేసి నిలబడ్డారు.

"గాలింకా మళ్ళలేదండి బాబూ" అన్నారు. "ఇదీ ఎనక గాలేనండి."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. అలవాటు కొద్దీ దిగినా, భయం కొద్దీ దిగినా గాలి వెనకే ఉందని ఆ రోజు తెలిసింది. గుడ్డ వైపు చూడ్డం ఒక్కటే దారి. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన గుడ్డ ఎత్తితే తిరిగాను, ఎత్తకపోతే తిరగలేదు.

కానీ ఒక ప్రశ్న ఆ పదకొండేళ్ళూ నేను ఆయన్ని అడగలేదు. నేను రిటైరయ్యాకా అడగలేదు. ఆ అమ్మాయి కాఫీ తాగి వెళ్ళాక, మిగతా సగం రాద్దామని కూర్చుంటే, అది తెలియకుండా రాయలేనని అర్థమైంది. మర్నాడు బస్సెక్కి మొగల్తూరు వెళ్ళాను. ఆయన ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఎవరిదో పడవ ఇంజన్ విప్పుతున్నారు. వాళ్ళావిడ చేపల పులుసుతో భోజనం పెడతానని, అంతలోనే నేను చేపలు తిననని గుర్తొచ్చి, నాలిక్కరుచుకుని పెరుగు తెచ్చారు. తిన్నాక అడిగాను.

"ఆ రోజు నేను నోరు విప్పకపోయి ఉంటే మీరు ఆ మూట తీసేవారా?"

ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకున్నారు.

"తీసేవోణ్ణేనండి" అన్నారు. "లైసెన్సు నాది కదండి."

"మరి ముందే తియ్యలేదేం? ఆ మధ్యాహ్నమే తియ్యొచ్చుగా?"

"మీరు చెప్తే నిజమవుద్దండి. నేను చెప్తే గొడవవుద్ది. అందుకని మీకు ఒక పూట వదిలానండి."

"ఎండ ఎదురుగా ఉందని కూడా చెప్పారు కదా. అది అబద్ధమని తెలుసుగా మీకు?"

"తెలుసండి. మీకూ తెలుసని తెలుసండి" అన్నారాయన, ఇంజన్ మీదికి వంగుతూ. "గుడ్డ ఎత్తినా మీరు తిరగలేదు కదండి. ఇంకోసారి ఎత్తి చూశానండి, అంతే."